వారానికొక్క పని

రాజమండ్రి

చిరంజీవి ప్రణవ్‌కి,


దసరాకి ముందు రెండు రోజులు సెలవు పెట్టి, ఇల్లంతా ఒక్కసారే దులిపి, డాబా మరమ్మతు చేయించి, గోడలకు రంగులు వేయించి, కుండీలు తెచ్చి మొక్కలు పెట్టేస్తే మళ్లీ ఏడాది దాకా ఇంటి జోలికి పోనక్కర్లేదు కదా అని రాశావు. సొంత ఇల్లు కొనుక్కున్న మొదటి ఏడు ఆ ఉత్సాహం ఉండాల్సిందే. నేను కాదనేది ఉత్సాహాన్ని కాదు, ఒక్కసారే అనే మాటని. ఆశ్వయుజ, కార్తీకాల్లో ఇంటికి పట్టే తిప్పలు ఒక్కరోజు తుడిచేస్తే పోయేవి కావు. అవి వారం వారం పుట్టేవి, వారం వారం మారేవి. కాబట్టి మందూ వారం వారమే పడాలి. ప్రతి శనివారమో ఆదివారమో పొద్దున ఒక గంట, ఒక్కటంటే ఒక్క పని. దసరా నుంచి కార్తీక పున్నమి దాటేదాకా ఇదే లెక్క మీద నడువు. ఎందుకో వివరంగా చెబుతాను. నచ్చకపోతే నీ పద్ధతిలోనే చేసుకో.

ముందు దోమ సంగతి చూడు. డెంగీని మోసే ఏడిస్ దోమకి మురిక్కాలవతో పెద్దగా పని లేదు. ఇంట్లో నిలిచిన తేట నీళ్లే దానికి ఇష్టం. ఫ్రిజ్ వెనకాల నీళ్లు దిగే పళ్లెం, వేసవి అయ్యాక మూలకి నెట్టిన కూలర్ అడుగు, మనీప్లాంట్ సీసా, కుండీ కింద ప్లేటు, డాబా మీద పారేసిన కొబ్బరి చిప్ప, మూత సరిగా కూర్చోని సంపు, ఇవన్నీ దానికి పురిటి గదులే. మన వాతావరణంలో గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా దానికి పట్టేది 7 నుంచి 10 రోజులు. అంటే నువ్వు దసరాకి ఇల్లంతా అద్దంలా కడిగినా, దీపావళి వచ్చేసరికి కొత్త తరం తయారవుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ శుక్రవారం డ్రై డే అంటూ వారానికో రోజు పెట్టింది ఈ లెక్క చూసే. ఇంకో సంగతి, నీళ్లు ఒలకబోస్తే పని అయిపోదు. గుడ్లు నీటిలో కాక, నీటిమట్టానికి కాస్త పైన పాత్ర గోడకి నల్లటి చుక్కల్లా అంటుకుని ఉంటాయి. నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కొబ్బరి పీచుతో అంచు వెంబడి గట్టిగా రుద్ది, కడిగి, బోర్లించాలి. పది నిమిషాల పని, కానీ ప్రతి వారం చెయ్యాల్సిన పని. వారానికొక్కటి అన్న లెక్కలో దీన్ని కలపకు. ఇది ఎప్పుడూ ఉండేదే.

ఇక గోడల సంగతి. పండగకి ముందు ఇంటికి రంగు వెయ్యడం మనవాళ్ల ఆనవాయితీయే, కానీ ఆ ఆనవాయితీ పుట్టింది సున్నం రోజుల్లో. సున్నపు పూత గోడలోని చెమ్మని బయటికి పోనిస్తుంది. అందుకని వానలు ఇంకా పూర్తిగా వెనకపట్టక ముందే వేసినా పెద్ద నష్టం ఉండేది కాదు. ఇప్పుడు మనం వేసేవి ప్లాస్టిక్ ఎమల్షన్లు. వానాకాలమంతా నీళ్లు పీల్చిన గోడ మీద వాటిని పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుపోయి, నాలుగు నెలలు తిరక్కుండానే పొక్కులు లేస్తాయి, కింద ఉప్పు తేలుతుంది, గోరు పెట్టి గీకితే పొరలు పొరలుగా ఊడొస్తుంది. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. జానెడు పాలిథిన్ కాగితాన్ని గోడకి నాలుగు పక్కలా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు ఉంచు. గోడ వైపు నీటి బిందువులు కడితే గోడ ఇంకా తడిదే. పై వైపు కడితే అది గదిలో గాలి చెమ్మ. ఈ పరీక్ష ఈ వారం ఒక గోడకి, పై వారం ఇంకో గోడకి చేసుకుంటూ పో. అన్నీ ఆరాక, సంక్రాంతి ముందు రంగులు వేయించు. దసరాకి గుమ్మాలకి పసుపు, మామిడి తోరణం ఉంటే పండగ కళకేం లోటుండదు.

డాబా విషయంలోనూ ఇంతే. "వానలు అయిపోయాయి కదా" అన్న ధీమా మన నేల మీద పనికిరాదు. నైరుతి రుతుపవనాలు మన వైపు నుంచి మామూలుగా అక్టోబరు నడిమికి గాని వెనక్కి మళ్లవు, ఆ వెంటనే ఈశాన్యం మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. దివిసీమని ముంచిన ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న. మీ హైదరాబాదులో కాలనీలకు కాలనీలు నీట మునిగిన కుంభవృష్టి 2020 అక్టోబరు 13న. శరత్తంటే వానకి సెలవన్న మాట కాదు, వానకీ వానకీ మధ్య దొరికే నాలుగు పొడి రోజుల కాలం. ఆ పొడి రోజులు ఎప్పుడొస్తాయో నీ సెలవు చీటీకి తెలియదు. ఒక వారం వాన వెలిసిన పొద్దున పైకెక్కి, నీళ్లు మడుగు కట్టిన చోట్ల చుట్టూ సుద్దతో గీత గియ్యి, తూము మూతి దగ్గర పేరుకున్న ఆకులు తియ్యి. ఎండ కాసిన మరో వారం ఆ గీతల్లోపలా, పిట్టగోడ మొదట్లోనూ పగుళ్లు వెతుకు. కింద గదిలో మరక పడ్డచోటికి సరిగ్గా పైనే పగులు ఉంటుందనుకోకు, నీళ్లు స్లాబులో అడ్డంగా నడిచి ఎక్కడో దిగుతాయి. పగులు మీద ఉత్త సిమెంటు పులిమితే పగటి ఎండకి డాబా సాగి, రాత్రి చల్లదనానికి ముడుచుకుని మళ్లీ అక్కడే విచ్చుకుంటుంది. పగులుని కొంచెం వెడల్పు చేసి, దుమ్మంతా ఊడ్చి, సాగే గుణమున్న సీలెంటు నింపాలి. అది ఆరాక ఇంకో వారం నీళ్లు నిలగట్టి చూసుకోవాలి. ఒక్క డాబాకే మూడు వారాలయింది చూశావా? మూడు వారాల్లో కలిపి చేసింది మూడు గంటల పనే, అయినా దాన్ని ఒక్క రోజులో ఇరికించలేవు.

మొక్కలైతే ఇంకా తేటగా చెబుతాయి. మెంతులు 3, 4 రోజుల్లో మొలకెత్తి, నెల తిరిగేసరికి కూరకొస్తాయి. ధనియాలు బద్దలుగా నలిపి చల్లాలి, మొలవడానికి వారం పైనే తీసుకుంటాయి. ఎండలు ముదిరితే కొత్తిమీర ఆకు నిలవకుండా పూతకి పోతుంది, అందుకే ఇప్పటి నుంచి చలి పోయేదాకా దానికి మంచి కాలం. కానీ కుండీలన్నిటా ఒకే రోజు చల్లితే ఏమవుతుంది? అంతా ఒకేసారి వచ్చి, సగం ముదిరిపోయి, ఆ తర్వాత కుండీలు ఖాళీగా ఉంటాయి. వారానికో కుండీలో గుప్పెడు చల్లితే వారానికో కూర తెగుతుంది. కట్ట పది, ఇరవై రూపాయలకి దొరికేదానికి ఇంత తతంగమా అంటావు. డబ్బు లెక్కలో నువ్వన్నది నిజమే, మిగిలేది ఏమీ లేదు. నేను చూసేది వేరు. కుండీలకి నీళ్లు పోసేవాడు డాబా మీదకి వెళ్తాడు, వెళ్లినవాడికి మూసుకుపోయిన తూమూ కనిపిస్తుంది, ప్లేటులో నిలిచిన నీళ్లూ కనిపిస్తాయి. ఏ పనీ పెట్టుకోనివాడు నెలల తరబడి పైకెక్కడు.

ఇప్పుడు నువ్వు చెప్పబోయే అడ్డంకుల దగ్గరికి వస్తాను. ఐదు రోజులు ఆఫీసులో నలిగి, ఉన్న రెండు రోజులూ ఇంటికే ధారపోస్తే విశ్రాంతి ఎప్పుడంటావు. న్యాయమైన ప్రశ్నే. అందుకే గంట అన్నాను, ఒక్క పని అన్నాను. గంట కొట్టగానే ఆపెయ్యి, సగంలో ఉన్నా సరే. మిగతా రోజంతా పడుకో, సినిమాకి పో, ఎవరూ అడగరు. విశ్రాంతిని మింగేది ఈ గంట కాదు, "ఇంట్లో బోలెడు పనులున్నాయి" అని వారమంతా మనసులో మోసుకుతిరిగే బరువు. రెండు రోజులు సెలవు పెట్టి చేసే మహా ప్రక్షాళనలో నువ్వు కోల్పోయేదీ విశ్రాంతే. పైగా పండగ పూట నడుం పట్టేసి మంచం ఎక్కుతావు.

డబ్బు పడేస్తే ఇవన్నీ చేసిపెట్టేవాళ్లు ఫోనులోనే దొరుకుతారు కదా అనేది రెండో అడ్డంకి. పిలిపించు, వద్దనను. కరెంటు పని, ఎత్తు మీద పని, సంపులోకి దిగే పని నువ్వు చెయ్యకూడదు కూడా. మూసి ఉన్న సంపులో ఊపిరాడక ప్రాణాలు పోతాయి, అది తెలిసినవాళ్లు, తగిన జాగ్రత్తలతో చెయ్యాల్సింది. కానీ చెయ్యడం వేరు, చూడటం వేరు. పనివాడు నీ ఇంటిని చూసేది ఆ ఒక్క పూటే. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ గోడ ఎప్పుడు చెమ్మగిల్లుతుందో అతనికి తెలిసే దారి లేదు. నువ్వు సుద్ద గీతలు చూపిస్తే అక్కడే బాగుచేస్తాడు. చూపించకపోతే డాబా అంతా ఏదో రసాయనం పూసి, డాబా మొత్తానికీ డబ్బులు లెక్కగడతాడు. అతన్ని తప్పుపట్టేందుకేం లేదు, మనం చెప్పలేదు కాబట్టి ఊహించుకున్నాడు.

మూడోది నువ్వు అడగవు గాని నేనే అడుగుతున్నాను. వారం వారం పని అంటే చివరికి అది మీ ఆవిడ స్రవంతి నెత్తిన పడదు కదా? కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే ఖర్చుపెట్టారు, మగవాళ్లు 97. అసలు ఆ పనుల్లో చెయ్యి పెట్టిన మగవాళ్లు నూటికి 26 మందే. ఈ లెక్క ఉన్నచోట నా సలహా ఆమె పనికి మరో గంట కలిపితే అది సలహా కాదు, అన్యాయం. మహా ప్రక్షాళనలో మగవాడు ఒక్క రోజు బూజు కర్ర పట్టుకుని ఏడాదికి సరిపడా పేరు తెచ్చుకుంటాడు. వారం వారం పనిలో ఆ ఆటలు సాగవు. ఎవరు చేశారో ఎవరు చెయ్యలేదో నెల తిరగ్గానే తేలిపోతుంది. అందుకే ఈ గంట నీ పేరనే ఉండాలి. ఆమెకి ఇష్టమై చెయ్యి వేస్తే సంతోషం. లేకపోతే ఆ గంట ఆమె నిద్రపోనీ.

చివరిగా, ఇంటి పని ప్రహరీ దగ్గర ఆగదు. ఏడిస్ దోమ సాధారణంగా పుట్టిన చోటు నుంచి వందో, మహా అయితే కొన్ని వందలో మీటర్లు దాటి పోదు. అంటే నిన్ను కుట్టింది నీ ఇంటిదో, పక్కింటిదో, ఎదురుగా ఉన్న ఖాళీ జాగాదో. కాలనీ వాట్సాప్ గ్రూపులో "దయచేసి పరిశుభ్రత పాటించండి" అని పెడితే ఎవరికీ పట్టదు. ఎవరికి వాళ్లు పక్కవాడి గురించే అనుకుంటారు. మనుషులు కలిసే చోట చెప్పాలి, అందుకు ఈ కాలాన్ని మించింది లేదు. పెత్రమాస నాటి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు బతుకమ్మ కోసం మీ వీధి ఆడవాళ్లంతా బయటికొస్తారు. తర్వాత దీపావళి, ఆ పైన కార్తీక వనభోజనాలు. మీ ఎదుటి ఖాళీ జాగాలోనే బతుకమ్మకి పేర్చే గునుగూ తంగేడూ పూస్తాయి, దాంట్లోనే పాత టైర్లూ ప్లాస్టిక్ డబ్బాలూ నీళ్లు పట్టి ఉంటాయి. కాలనీవాళ్లు ఆ జాగాకి జేసీబీ పెట్టిస్తామంటే, సద్దుల బతుకమ్మ అయ్యేదాకా ఆగమని చెప్పు. ఈలోగా టైర్లూ డబ్బాలూ ఏరించు. దీపావళి అయ్యాక ప్రహరీ మీద మరిచిపోయిన ప్రమిదలూ, ఉసిరి చెట్టు కింద తాగి వదిలేసిన గ్లాసులూ ఒక్క వానకి నీటి పాత్రలే అవుతాయి. నలుగురు పక్కపక్కన కూర్చుని పులిహోర తింటున్నప్పుడు ఈ మాట చెబితే ఎవరూ నొచ్చుకోరు, ఇద్దరైనా లేచి నీతో గ్లాసులు ఏరతారు. ఇవి చిన్న వేడుకలే, పేపర్లలోకి ఎక్కవు. అయినా వీధిలో మురుగు పొంగిన రోజున ఎవరికి ఫోను చెయ్యాలో నీకు తెలిసేది వీటి వల్లే.

కాబట్టి సెలవు పెట్టకు, ఆ రెండు రోజులూ పండగకి దాచుకో. ఈ శనివారం డాబా ఎక్కి సుద్ద గీతలు గియ్యి, అదొక్కటే. పై వారం మెంతుల కుండీ. ఆ పై వారం గోడకి పాలిథిన్ కాగితం. తర్వాతవి ఇల్లే చెబుతుంది. ఒక వారం తప్పితే, తర్వాతి వారం రెండు పనులు చేసి బాకీ తీర్చాలని చూడకు. రెండు నాలుగవుతాయి, నాలుగు మళ్లీ మహా ప్రక్షాళన అవుతుంది, అక్కడితో అలవాటు చెడుతుంది. తప్పిన వారాన్ని వదిలెయ్యి, వచ్చిన వారం ఒక్క పని చెయ్యి.

స్రవంతిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ