కల్లం లేని పటం

నరసన్నపేట,
ఆదివారం

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. హైవే కూడలి ప్లాన్ మీద పెట్టిన మీటింగులోంచి సగం ఊరు లేచిపోయిందన్నావు. దానికంటే "ప్లాన్ చూపించినా వాళ్లకి అర్థం కాలేదు" అన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఏం చూపించావు తల్లీ? నువ్వు పంపిన ఫొటోలో రోడ్డు పొడవునా దూరం చెప్పే చైనేజీ అంకెలున్నాయి, ఉత్తర దిక్కు చూపే బాణముంది, పది రకాల గీతలున్నాయి. గుడి లేదు, బడి లేదు, టీకొట్టు లేదు. తన ఊరే కనపడని కాగితం మీద ఎవరు వేలు పెట్టి మాట్లాడతారు?

ఈ హైవే 16వ నంబరు కాక, ఇంకా 5వ నంబరుగా ఉన్న రోజుల్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక మలుపు గీశాను. వెంట్రుకవాసి తేడా లేదని గర్వం. అమ్మోనియా ప్రింటు తీయించి, ఆ వాసన పోకముందే ఊరికి పట్టుకెళ్లాను. ఒక ముసలాయన చాలాసేపు చూసి "బాబూ, మా కల్లం ఏదీ?" అన్నాడు. నేను గీయలేదు. ధాన్యం బళ్లు అక్కడినుంచే రోడ్డెక్కుతాయని నాకు తెలీదు. ఆ రాత్రి అన్నం సయించక లేచిపోతే, కొత్తగా కాపురానికొచ్చిన మీ అత్తయ్య తన వంట బాగాలేదనుకుని ఏడిచింది.

నువ్వు వేళకి తింటున్నావా? గొంతునొప్పి తగ్గిందా?

ఈసారి చుక్కలు వేసి చూపించు. నాలుగు రోడ్ల కూడలిలో బళ్ల దారులు 32 చోట్ల ఒకదానికొకటి తగులుతాయి, మూడు రోడ్లయితే 9 చోట్ల. డివైడర్ మూసి, ఎడమకి వచ్చి ఎడమకే పోయేలా చేస్తే ఒక్కో పక్కదారి దగ్గర 2 మిగులుతాయి. ఇది నీకు కాలేజీలోనే చెప్పారు, ఊరికి ఎవరూ చెప్పలేదు. కందిగింజంత ఎర్రచుక్కలు వేయి. కుడికి పోవాల్సిన బళ్లు తిరిగి వచ్చే యూటర్న్ దగ్గర కొత్తగా పుట్టే చుక్కలు కూడా దాచకుండా వేయి, లేకపోతే నిన్ను నమ్మరు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగడానికి 180 మీటర్లు కావాలని మన లెక్క కదా, దాన్ని అంకెగా రాయకు. మర్రిచెట్టు నుంచి బడి గేటు దాకా రంగు పూసి చూపించు.

పాలసైకిలు అబ్బాయి యూటర్న్ కోసం అంతదూరం తిరిగి రాడు, రాంగ్‌రూట్‌లో వస్తాడు. వాడి దారీ గీయి. సర్వీసు రోడ్డు ఎక్కడ తక్కువైందో అప్పుడు తేలుతుంది. అనుమతి లేకుండా హైవేలోకి దారి తెరవకూడదన్న 2002 చట్టాన్ని మొదటే చదివి వినిపించావట. అది ఆఖర్న చెప్పాల్సిన మాట.

వీలైతే రాజాం రోడ్డు కలిసే చిలకపాలెం దగ్గర, 26వ నంబరు రోడ్డు చీలే నాతవలస దగ్గర గంటేసి నిలబడి, జనం ఎక్కడ దాటుతున్నారో చూడు. ఎండలో వద్దు, పొద్దున్నే వెళ్లు. నీళ్లసీసా మరిచిపోకు.

మీ అత్తయ్య తేగలు తంపటేసి సంచి కట్టింది, శనివారం బస్సులో పంపిస్తాం. పటం మళ్లీ గీశాక నాకొక కాపీ పంపు. ముందు కల్లం ఎక్కడుందో వెతుక్కుంటాను.

మీ మావయ్య