అతి స్థూలకాయం: తెలుసుకోవలసినవి, చేయవలసినవి



బరువు బాగా ఎక్కువగా ఉన్నవారు చాలామంది ఆసుపత్రికి ఆలస్యంగా వస్తారు. మోకాళ్ళ నొప్పి, ఆయాసం ఉన్నా, నలుగురి ముందు తూకం మిషన్ ఎక్కాలన్న సిగ్గుతో ఇంట్లోనే ఉండిపోతారు. అందుచేత షుగరు, బి.పి. ముదిరిన తరువాత గాని బయటపడవు. కాబట్టి మేము మొదట చెప్పేది ఇదే: అతి స్థూలకాయం దీర్ఘకాలపు జబ్బు. దానికి వైద్యం ఉంది.

ఎంత ఉంటే అతి స్థూలకాయం?

బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగించాలి. దీనిని బి.ఎమ్.ఐ. అంటారు. మన దేశస్థులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. 40కి చేరితే అతి స్థూలకాయం. ఉదాహరణకు 158 సెంటీమీటర్ల ఎత్తు, 100 కిలోల బరువు ఉన్నవారికి ఇది సుమారు 40. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఎందుకు వస్తుంది?

ఒకప్పుడు మన ఘనపూర్ వైపు నాట్లు, కలుపు, కోతలు అన్నీ ఒంటి కష్టమే. ఇప్పుడు ట్రాక్టరు, కోత మిషను, మోటారు సైకిలు వచ్చాయి. కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు. కూల్ డ్రింకులు, బేకరీ తిండి, మద్యం తోడయ్యాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 30 శాతం, పురుషులలో 32 శాతం మంది అధిక బరువుతో గాని స్థూలకాయంతో గాని ఉన్నట్టు తేలింది.

తిండి ఒక్కటే కారణం కాదు. వంశం, థైరాయిడ్ లోపం, నిద్రలేమి, స్టెరాయిడ్ వంటి మందులు కూడా కారణమే. బరువు తగ్గినప్పుడు శరీరం ఆకలిని పెంచుతుంది. అందుకే పట్టుదల ఉన్నవారికి కూడా తగ్గిన బరువు తిరిగి వస్తుంటుంది.

ఇంట్లో ఏమి చేయాలి?

1. ఒక్కసారిగా 40 కిలోలు తగ్గాలనుకోవద్దు. 100 కిలోలవారు 5 నుండి 10 కిలోలు తగ్గినా షుగరు, బి.పి. మెరుగుపడతాయి. వారానికి అర కిలో చాలు.

2. సగం కంచం కూరగాయలు, ఆకుకూరలు. పావు కంచం పప్పు, గుడ్డు లేక చేప. పావు కంచం అన్నం లేక జొన్నరొట్టె పెట్టుకోండి. నూనె తగ్గించండి. దాహానికి నీళ్ళు, పలుచని మజ్జిగ తాగండి.

3. మొదట రోజుకు మూడుసార్లు 5 నిమిషాల చొప్పున నడవండి. మెల్లగా వారానికి 150 నిమిషాలకు పెంచండి. మోకాళ్ళు సహకరించకపోతే కుర్చీలో కూర్చొని కాళ్ళు చేతులు ఆడించండి.

4. పొట్ట కింద, రొమ్ముల కింద, గజ్జలలోని మడతలను రోజూ కడిగి, మెత్తని బట్టతో అద్ది ఆరనివ్వండి. తడి నిలిస్తే చర్మం ఒరిసి పుండ్లు పడతాయి.

5. ఇన్సులిన్ గాని షుగరు మాత్రలు గాని వాడేవారు తిండి తగ్గించే ముందు, ఉపవాసం ఉండే ముందు డాక్టరుగారికి చెప్పాలి. మందు మార్చకుండా పస్తుంటే షుగరు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఆసుపత్రిలో ఏమి అడగాలి?

తూకం చాటుగా చూడమని అడగవచ్చు. లావు చేతికి చిన్న పట్టీ కడితే బి.పి. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీతో చూడమనండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగడం, పగలు కునికిపాట్లు ఉంటే తప్పక చెప్పండి. ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

బరువు తగ్గించే టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు 2025లో మన దేశానికి వచ్చాయి. వీటిని డాక్టరుగారి పర్యవేక్షణలోనే వాడాలి. ప్రకటనలు చూసి పొడులు, కషాయాలు కొనవద్దు. అవసరమైనవారికి పొట్ట పరిమాణం తగ్గించే ఆపరేషన్ ఉంది. 2023లో హైదరాబాదులోని ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో 240 కిలోల రోగికి ఈ ఆపరేషన్ చేశారు. దీని తరువాత కూడా ఆహార నియమం, విటమిన్లు, పరీక్షలు జీవితాంతం ఉంటాయి.

కుటుంబ సభ్యులకు మనవి

ఎగతాళి చేస్తే ఎవరి బరువూ తగ్గదు. చాటుగా తినడం మాత్రం పెరుగుతుంది. రోగికి వేరుగా పథ్యం వండకుండా ఇంటిల్లిపాదీ అదే భోజనం చేయండి. సాయంత్రం వారితో కలిసి నాలుగడుగులు నడవండి. ఆసుపత్రికి వెంట రండి. మిగతాది మనమందరం కలిసి చూసుకుందాం.