ఒకే తూము – ఇద్దరు వాడకందారులు
(చిన్న కంప్యూటరులో సీరియల్ పోర్టును విడిపించు విధానము)

చెరువుకు తూము ఒకటే యుండి, ఇద్దరు ఒకే వేళ నీరు మళ్లించుకొన్నచో ఏ మడికిని సరిగా నీరందదని రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. వంతు ఎవరిదో తేల్చిన తరువాతనే తూమెత్తవలెను. చిన్న కంప్యూటరులోని సీరియల్ పోర్టు సంగతియు ఇట్టిదే.

హైదరాబాదులోని మాదాపూరున 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నాటినుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీగా పేరొందినది. అచ్చటికి సమీపమున రాయదుర్గములో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి కేంద్రములలో క్రొత్త పరికరముల నమూనాలు తయారగుచున్నవి. ఇట్టి నమూనాలకు అరచేతిలో ఇమిడెడు రాస్ప్‌బెర్రీ పై అను కంప్యూటరు పలక అనుకూలమైనది. నేల తేమను కొలుచు సెన్సరును దీనికి కలిపి, తేమనుబట్టి మోటారును నడుపవచ్చును.

గత వేసవిలో నేను చూచిన ఒక బత్తాయి తోటలో ఇట్టి పెట్టె తేమ సున్న అని చూపుచుండెను. పాదులో మాత్రము మట్టి బురదగా ఉన్నది. పెట్టె మాట నమ్మి మోటారు రాత్రంతయు నడిచినది. బోరు నీరు వృథాయగుటయే గాక, పాదులలో నీరు నిలిచిన బత్తాయికి వేరుకుళ్లు సోకు ప్రమాదము కలదు. సెన్సరు చెడలేదు. పోర్టును విడిపింపలేదు, అంతే.

కారణము

పలకమీది 40 పిన్నులలో 8వది సమాచారమును పంపును, 10వది అందుకొనును. తెర, కీబోర్డు లేకుండ కంప్యూటరుతో పనిచేయుటకై ఆపరేటింగ్ సిస్టమ్ ఈ దారిని తన లాగిన్ కన్సోలుకు కేటాయించుకొని యుండవచ్చును. అట్లున్నచో సెన్సరు పంపిన అంకెలను మన ప్రోగ్రాముకు చేరకముందే కన్సోలు మింగివేయును. తన మాటలను సెన్సరువైపు పంపును. అంకె అందని ప్రోగ్రాము సున్న వ్రాసికొన్నచో, నేల ఎండినదని మోటారు తిరుగును.

చేయవలసిన పనులు (మోడల్ 3, 4 పలకలకు)

1. మొదట మోటారు స్టార్టరునుండి పెట్టె తీగలను విడదీయించుడు. ఇది ఎలక్ట్రీషియను చేయవలసిన పని.

2. టెర్మినలులో "సుడో రాస్పీ-కాన్ఫిగ్" అను ఆదేశమునిచ్చి, "ఇంటర్‌ఫేస్ ఆప్షన్స్"లో "సీరియల్ పోర్ట్" ఎంచుకొనుడు.

3. రెండు ప్రశ్నలు వచ్చును. లాగిన్ షెల్ కావలెనా అను దానికి "నో" అనియు, పోర్టు హార్డ్‌వేరు పనిచేయవలెనా అను దానికి "యెస్" అనియు చెప్పుడు. రెండింటికిని "నో" అన్నచో తూమునే మూసినట్లగును.

4. కంప్యూటరును ఆపి, సెన్సరు తీగలు తీసి, 8, 10 పిన్నులను ఒక తీగతో కలిపి మరల ఆన్ చేయుడు. మినీకామ్ ప్రోగ్రాములో "సీరియల్0" పోర్టును తెరచి, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోలును ఆపి, కొన్ని అక్షరములు కొట్టుడు. అవి తిరిగివచ్చి తెరపై కనపడవలెను. తీగ తీసినచో కనపడరాదు. అప్పుడు పోర్టు మనదైనదని నమ్మవచ్చును.

5. సెన్సరును మరల కలుపునపుడు కంప్యూటరును ఆపుడు. ఒకదాని పంపు పిన్ను రెండవదాని అందుకొను పిన్నుకు చేరవలెను. గ్రౌండు తీగ రెండింటికిని ఉమ్మడిగా ఉండవలెను. ఈ పిన్నులు 3.3 వోల్టులకే తగినవి. 5 వోల్టులు తగిలిన పలక చెడును. ఆర్‌ఎస్-485 రకపు సెన్సరైనచో తగిన మార్పిడి పలక తప్పనిసరి. రెండువైపుల వేగము, అనగా బాడ్ రేటు, ఒకటే ఉండవలెను.

ముఖ్య గమనిక

పోర్టును విడిపించినను తీగ తెగవచ్చును, ఎలుక కొరుకవచ్చును. కావున అంకె అందనప్పుడు పెట్టె సున్న చూపక, "సమాచారము లేదు" అని చూపి మోటారును ఆపవలెను. పెట్టెను కొనుటకు ముందే, అమ్మువానిచేత సెన్సరు తీగను ఊడదీయించి చూడుడు. మోటారు తిరుగుటకు ఆజ్ఞ వచ్చినచో ఆ పెట్టెను తీసికొనకుడు. వ్యవసాయ విస్తరణాధికారులు తమ గ్రామములలో ఇదివరకే ఉన్న పెట్టెలను కూడ ఈ విధముగా పరీక్షింపవలెను.

పెట్టె ఎంత మంచిదైనను, వారమునకొకసారి పాదులో జానెడు లోతున పిడికెడు మట్టి తీసి పిసికి చూచుట మానరాదు. ఆ పిడికెడు మట్టితో పెట్టె చెప్పు అంకె సరిపోలినప్పుడే దానికి మోటారును అప్పగింపవలెను.