ఆయుర్వృద్ధి మాత్రలు – శ్రావకుని వివేకము

పొదటూరుపేట, పళ్లిపట్టు, తిరుత్తణి ప్రాంతముల తెలుగు ఇండ్లలో పెద్దలకు నమస్కరించినచో "నూరేండ్లు వర్ధిల్లు" మని దీవించుట వాడుక. దీర్ఘాయువును కోరుట మానవ సహజము. ఆ కోరికనే మూలధనముగా చేసికొని "ముసలితనము రానీయదు, ఆయువు పెంచును" అను ప్రకటనలతో అనేక మాత్రలు నేడు అంగళ్లలోనికి, చేతిలోని ఫోనులోనికి కూడ వచ్చుచున్నవి. వీనిని కొను శ్రావకుడును, అమ్ము శ్రావకుడును విచారింపవలసిన విషయములు మూడు గలవు.

1. లోపము – అధికము

భీమవరమున 1895లో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధికి బలియైరి. తరువాత అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకును, ఆ ఆమ్లము లోపించి రక్తహీనులైన వారికిని గొప్ప మేలు చేసినది. శరీరమున తక్కువైన దానిని పూరించుట వైద్యము. లోపము లేనివాడు దానినే ఇంకను మ్రింగినచో ఆయువు పెరుగునా? ప్రమిదలో నూనె తగ్గినప్పుడు పోయవలెను. నిండిన ప్రమిదలో పోసినచో నేల జిడ్డగును గాని వెలుగు హెచ్చదు.

ఒక్కొక్కప్పుడు కీడు కూడ కలుగును. ఫిన్లండు దేశమున పొగత్రాగు పురుషులు 29,133 మందిపై జరిపిన పరీక్ష ఫలితము 1994లో వెలువడినది. బీటా కెరోటిన్ మాత్రలు తీసికొన్నవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా 18 శాతము హెచ్చినది. ఆరోగ్యవంతుల ఆయువును పెంచునని రుజువైన మాత్ర నేటివరకు ఒక్కటియు లేదు.

2. అహింస

ఇంట కందమూలములను విడిచిన కుటుంబము గొట్టపుమాత్ర పైపొరను చూడకుండుట తగునా? ఆ పొర పెక్కింటిలో పశువుల ఎముకలు, చర్మములనుండి తీసిన జెలటిన్. చర్మము ముడుతలు పడకుండుటకని అమ్ము కొల్లాజెన్ పశువుల, చేపల చర్మమునుండి వచ్చునది. ఒమెగా-3 తరచుగా చేపనూనె. ఆహారముగా అమ్ము వానిపై శాకాహారమునకు ఆకుపచ్చ చుక్క, మాంసాహారమునకు గోధుమరంగు త్రిభుజము ఉండవలెను. మొక్కల పీచుతో చేసిన పొరలును దొరకును. కొనకముందే అడిగి తెలిసికొనవలెను.

3. సత్యము – అస్తేయము

నకిలీ సరకును మంచి సరకుగా అమ్ముట అస్తేయ వ్రతమునకు అతిచారమని శాస్త్రము. ఫలమిచ్చునని రుజువులేని మాత్రను ఆయువు పేరుతో అమ్ముట దానికి ఎంత దూరము? 2016 నాటి ఆహార నియమముల ప్రకారము ఇట్టి పోషకముల చీటీపై "ఔషధ వినియోగమునకు కాదు" అని ఉండవలెను. వృద్ధుడు ఆ చీటీని చదువలేడు. అంగడివాని మాటనే నమ్మును. ఆ మాటను నమ్మి రక్తపోటుకు, మధుమేహమునకు వైద్యుడిచ్చిన మందు మానినచో ఆయువు పెరుగుటకు మారు ప్రాణమునకే ముప్పు. ఆ దోషములో అమ్మినవానికిని పాలు గలదు.

ఇంతమాత్రముచే మాత్రలన్నియు వ్యర్థమని భావింపరాదు. శాకాహారులలో, ముఖ్యముగా పాలు తక్కువగా తీసికొను వృద్ధులలో, బి-12 విటమిన్ లోపించుట కలదు. తిమ్మిరులు, నిస్సత్తువ ఉన్నచో రక్తపరీక్ష చేయించి, వైద్యుని సలహాపై దానిని తీసికొనవలెను. ఈ విటమిన్‌ను సూక్ష్మజీవుల ద్వారా పులియబెట్టి తయారుచేయుదురు.

నిర్వాణ సమయమున ఆయువును క్షణకాలము పొడిగింపుమని ఇంద్రుడు ప్రార్థింపగా, అది తీర్థంకరులకును సాధ్యము కాదని మహావీరస్వామి సెలవిచ్చెనని శ్వేతాంబర సంప్రదాయ గాథ. ఆయుఃకర్మ విషము, శస్త్రము మొదలగు వానిచే త్వరగా తీరిపోవచ్చును గాని కొత్తగా పెరుగదని సిద్ధాంతము. కావున ఉన్న ఆయువును కాపాడుకొనుటయే మన చేతిలోని పని. మితాహారము, సూర్యాస్తమయమునకు ముందే భోజనము, నడక, పొగాకు విసర్జనము – వీనికి అంగడిలో వెల లేదు. మాత్రలకు మిగిలిన రూకలతో ఒక పేద రోగికి నిజమైన మందు కొనియిచ్చినచో, అది ఔషధదానమగును.