చిన్న పడవకు రాత్రి దీపము

చెన్నై తీరమున తొలి దీపస్తంభము 1796వ సంవత్సరమున కోటలో వెలిగినది. తరువాత 1844లో రాతిస్తంభమును, 1894లో హైకోర్టు భవనపు గోపురమును, 1977లో మెరీనా దీపస్తంభమును క్రమముగా ఆ పనికి వచ్చినవి. ఇవన్నియు తీరమెక్కడ నున్నదో నావికునకు తెలుపునవి. తానెక్కడ నున్నాడో ఇతరులకు తెలుపు బాధ్యత మాత్రము నావికునిదే. పులికాటు సరస్సు పరిసరములందు చేపలవేటపై జీవించు తెలుగువారు కలరు. 1911లో స్థాపితమైన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ మూలమున తెరచాప పడవ ఈ నగరమున వినోదక్రీడయు నైనది. కావున చిన్న పడవవాడు తక్కువ వ్యయముతో ఈ బాధ్యతను ఎట్లు నెరవేర్పవచ్చునో తెలిసికొనుట మంచిది.

1. పడవ ఏల కనబడదు?

పెద్ద ఓడపై నుండి చూచువానికి చిన్న పడవ అలల నడుమ మఱుగుపడును. చెక్కయు ఫైబరును రాడారు తరంగములను బాగుగ ప్రతిఫలింపజేయవు. గంటకు 15 సముద్రపు మైళ్ళు పోవు ఓడ ఒక మైలును, అనగా 1852 మీటర్లను, నాలుగు నిమిషములలో దాటును. చూచిన వెంటనే ఆగుట దానికి అసాధ్యము. 2017 జనవరి 28వ తేదీ వేకువజామున ఎన్నూరు కామరాజర్ రేవు వెలుపల రెండు పెద్ద ఓడలే ఢీకొనగా చమురు సముద్రము పాలైనది. సకల సాధనములుగల ఓడలకే ఇట్టి ప్రమాదము వాటిల్లగా, దీపములేని పడవ గతి చెప్పనేల?

2. నియమములు

1972లో ఏర్పడి 1977లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ నియమముల ప్రకారము తెరచాప పడవకు ఎడమ ప్రక్క ఎఱ్ఱ దీపము, కుడి ప్రక్క ఆకుపచ్చ దీపము, వెనుక తెల్ల దీపము ఉండవలెను. ప్రక్క దీపములు ఒక్కొక్కటి 112½ డిగ్రీల మేరను, వెనుక దీపము 135 డిగ్రీల మేరను కనబడును. మూడును కలిసి 360 డిగ్రీలగును గనుక, ఏ దిక్కునుండి చూచినను ఏదో యొక రంగు కనబడి, పడవ ఎటు పోవుచున్నదో తెలియును.

20 మీటర్లకు లోపలి తెరచాప పడవ ఈ మూడింటిని ఒకే దీపమున చేర్చి కొయ్య కొనయందు కట్టుకొనవచ్చును. 7 మీటర్లకు లోపలి దానికి ఇదియు వీలుకానిచో, టార్చిగాని వెలుగుచున్న లాంతరుగాని చేతికందునట్లు ఉంచుకొని, ఢీకొను భయము కలుగకముందే తెల్లని వెలుగు చూపవలెను. ఆ వెలుగును తెరచాపపై ప్రసరింపజేసినచో చాప యంతయు మెఱయును. తెరచాప యెత్తియున్నను, ఇంజను నడుపునపుడు అది యంత్రపు పడవయే. అపుడు కొయ్య కొన దీపమును ఆర్పి, ప్రక్క దీపములతోపాటు నలుదెసల కనబడు తెల్ల దీపమును వెలిగింపవలెను. వల విడిచి తప్పుకొనలేని పడవకు వేరు గుర్తులు కలవు.

3. విద్యుత్తు లెక్క

దీపపు వాట్లను వెలుగు గంటలతో హెచ్చించి, బ్యాటరీ వోల్టులచే భాగించినచో కావలసిన ఆంపియర్-గంటలు వచ్చును. 25 వాట్ల పాతరకపు బల్బు 12 గంటలు వెలిగినచో 300 వాట్-గంటలు వ్యయమగును. 12 వోల్టుల బ్యాటరీనుండి ఇది 25 ఆంపియర్-గంటలు. సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడిన దాని ఆయువు తగ్గును. కావున 50 ఆంపియర్-గంటల బరువైన బ్యాటరీ కావలసివచ్చును.

3 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకో, 36 వాట్-గంటలు, అనగా 3 ఆంపియర్-గంటలు చాలును. కంప్యూటరు యు.పి.ఎస్.లలో వాడు 7 ఆంపియర్-గంటల మూతవేసిన చిన్న బ్యాటరీ దీనికి సరిపోవును. 10 వాట్ల సౌరఫలకము నాలుగు గంటల పూర్తి యెండకు 40 వాట్-గంటలే యిచ్చును. నష్టములు పోగా అది చాలదు. 20 వాట్ల ఫలకమును, చార్జి నియంత్రకమును అమర్చుట క్షేమము.

4. జాగ్రత్తలు

ఉప్పునీరు తీగలకు శత్రువు. తగరపు పూతగల రాగితీగ త్వరగా చిలుము పట్టదు. అతుకులను ఉత్త మెలికలతో విడువక, గట్టిగ బిగించి నీరు చొరకుండ మూయవలెను. బ్యాటరీ ధనధ్రువమునకు చేరువనే ఫ్యూజు ఉండవలెను. తీగలు తగిలినపుడు అది కరగి అగ్నిభయమును తప్పించును. పడవ ఒరిగినను బ్యాటరీ కదలకుండ కట్టవలెను. పాత దీపపు రంగుటద్దముల వెనుక తెల్లని ఎల్.ఇ.డి. బల్బు పెట్టినచో రంగు మాఱవచ్చును. ఆ దీపమునకై చేసిన బల్బునే కొనవలెను. చీకటికి కన్ను అలవాటుపడుటకు సుమారు అరగంట పట్టును గనుక పడవలోపల తెల్లని వెలుగు చూడరాదు. అన్నియు అమర్చుకొన్నను, నీరు తగులని సంచిలో ఒక టార్చి ఉండి తీరవలెను.

తలిదండ్రులకు మనవి

విద్యుత్తు పాఠము చదువు పిల్లలచేత ఈ లెక్కను ఇంట చేయింపుడు. 5 వాట్ల దీపము 12 గంటలు వెలుగుటకు పై చిన్న బ్యాటరీ చాలునా యని అడుగుడు. 5 ఆంపియర్-గంటలు కావలెను, సగము 3½ మాత్రమే, కనుక చాలదని వారే చెప్పవలెను. మార్కులకొఱకు నేర్చిన హెచ్చవేత భాగహారములు సముద్రముపై ఒక ప్రాణమును కాపాడగలవని పిల్లలకు తోచినచో, ఆ పాఠమును వారు మఱవరు.