ప్రశ్నలు - జవాబులు: పాత అప్లికేషన్ తిరగరాయాలి... రియాక్టా, వ్యూనా?

ప్రశ్న: మాది నలుగురు డెవలపర్ల చిన్న కంపెనీ. విత్తనాల డీలర్లు గోడౌన్ స్టాకు చూసుకునే అప్లికేషన్‌ని చాలా ఏళ్ళ క్రితం యాంగులర్‌జేఎస్‌లో కట్టాం. ఇప్పుడు తిరగరాయాలి. ఒకరు రియాక్ట్ అంటారు, ఇంకొకరు వ్యూ అంటారు. "మనకి యాంగులర్ వచ్చు కదా, అందులోనే ఉందాం" అంటారు మా సీనియర్. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తిరగరాయడం ఇక వాయిదా వేయకండమ్మా. యాంగులర్‌జేఎస్‌కి గూగుల్ 2021 డిసెంబరు 31తో సపోర్ట్ ఆపేసింది. ఇప్పుడు భద్రతా లోపం బయటపడినా గూగుల్ నుంచి ప్యాచ్ రాదు. అయితే మీ సీనియర్ గారి మాటలో చిక్కుంది. 2016లో వచ్చిన యాంగులర్ 2 పాతదానికి కొనసాగింపు కాదు, టైప్‌స్క్రిప్ట్‌లో మొదట్నుంచీ కొత్తగా రాసినది. మీ కంట్రోలర్లు, స్కోపులు అందులో చెల్లవు. రూటింగ్, ఫారాలు అన్నీ ఒకే పద్ధతిలో కావాలనుకునే పెద్ద టీములకి అది బాగుంటుంది.

పేరు తేల్చేముందు మీ స్క్రీన్లన్నీ కాగితం మీద రాయండి. నెలవారీ రిపోర్టు, డీలర్ల జాబితా లాంటివి సర్వర్ నుంచే హెచ్‌టీఎంఎల్‌గా పంపితే చాలు. అంతా బ్రౌజర్‌లోనే నడిపితే మొదట వచ్చేది దాదాపు ఖాళీ పేజీ. ఆ తర్వాత జావాస్క్రిప్ట్ దిగాలి, ఫోను దాన్ని నడపాలి, అప్పుడుగానీ డేటా అడగదు. రేకుల షెడ్డులో సిగ్నల్ అరకొరగా అందుతుంటే, చవక ఆండ్రాయిడ్ ఫోను పట్టుకున్న గుమస్తాకి అంతసేపూ తెల్లతెరే. బయట లారీ ఆగి ఉంటుంది.

స్టాకు ఎంట్రీ సంగతి వేరు. లాట్ నంబరు కొట్టగానే గడువు తేదీ కనపడాలి, బస్తాలు మారిస్తే మొత్తం మారాలి. ఫ్రేమ్‌వర్క్ అక్కరకొచ్చేది అక్కడే. ఆ ఒక్క స్క్రీన్‌నే రియాక్ట్‌లోనూ వ్యూలోనూ కట్టి, గుమస్తా ఫోనులోనే నడిపి చూడండి. పాఠాల్లో ఉండే పనుల జాబితా కట్టి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

నా ఓటు వ్యూకి. ఇవాన్ యూ గూగుల్‌లో యాంగులర్‌జేఎస్‌తో పనిచేసి, అందులో నచ్చినవి తీసుకుని 2014లో వ్యూని విడుదల చేశారు. మీరు ఎన్‌జీ-రిపీట్, ఎన్‌జీ-ఇఫ్ రాసినచోట వీ-ఫర్, వీ-ఇఫ్ రాస్తారు. చేయి త్వరగా అలవాటుపడుతుంది. రెంటిలో ఏది తీసుకున్నా అంతా ఒకేసారి మార్చక్కర్లేదు, స్క్రీను తర్వాత స్క్రీను మార్చుకోవచ్చు. తరచూ మనుషులు మారే కంపెనీ అయితే మాత్రం రియాక్ట్ తీసుకోండి. హైదరాబాద్‌లో అది తెలిసినవాళ్ళు తేలిగ్గా దొరుకుతారు.

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది. రియాక్ట్‌లో లిస్టుకి కొత్త ఐటెమ్ పుష్ చేసి సెట్ చేసినా స్క్రీన్ మారట్లేదు. వ్యూకి మారిపోనా?
- ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు బాబూ. పుష్ చేస్తే ఐటెమ్ పాత అర్రేలోకే వెళ్తుంది. రియాక్ట్ పాతదీ కొత్తదీ ఒకే అర్రేనా అని చూస్తుంది. ఒకటే అయితే స్క్రీన్ మళ్ళీ గీయదు. స్ప్రెడ్‌తో కొత్త అర్రే తయారుచేసి ఇవ్వు, మారుతుంది. వ్యూలో ఆ పుష్ పనిచేస్తుంది, ఎందుకు పనిచేసిందో మాత్రం నీకు తెలియదు. ఒక నెల రియాక్ట్ పక్కనపెట్టి రిఫరెన్సులు, క్లోజర్లు, ప్రామిస్‌లు ఉత్త జావాస్క్రిప్ట్‌లో రాసి నేర్చుకో. తర్వాత రియాక్ట్‌కే తిరిగి రా.