స్టెంట్ వేశాక ట్రోపోనిన్ పెరిగిందేం?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగరు ఉంది. గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. నాలుగు రోజులుగా ఐసీయూలోనే ఉన్నారు, బీపీ నిలబెట్టడానికి మందు ఎక్కిస్తున్నారు. స్టెంట్ వేశాక తగ్గాల్సిన ట్రోపోనిన్ మర్నాటికి ఇంకా పెరిగింది. ఎన్‌టీ ప్రొబీఎన్‌పీ 9,000 దాటిందట, క్రియాటినిన్ 2.1. ఈ అంకెలను బట్టి ఆయన దక్కుతారో లేదో చెప్పగలరా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ భయం ట్రోపోనిన్ దగ్గర మొదలైంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ఇది గుండె కండరంలో ఉండే ప్రొటీన్. కండరం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. మూసుకుపోయిన రక్తనాళం స్టెంట్‌తో తెరుచుకోగానే, దెబ్బతిన్న చోట ఆగిపోయినదంతా ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. పూడిక తీసిన కాలువలో ముందు పారేది బురద నీరే కదా! కాబట్టి మర్నాడు పెరిగినంత మాత్రాన స్టెంట్ పనిచేయలేదని కాదు. మామూలుగా 12 నుంచి 24 గంటల్లో బాగా పైకెళ్లి, ఆ తర్వాత దిగుతుంది. పూర్తిగా తగ్గడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. దిగుతున్నది మళ్లీ ఎక్కితేనే ఆలోచించాలి. అయితే ఎంత ఎత్తుకు వెళ్లిందన్నది కండరం ఏ మేరకు పోయిందో చెబుతుంది, దాన్ని కాదనలేం.

గుండె గదుల గోడలు ఒత్తిడికి సాగినప్పుడు వెలువడేది బీఎన్‌పీ. దానితోపాటే వచ్చే తునక ఎన్‌టీ ప్రొబీఎన్‌పీ. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు బీఎన్‌పీని మొదట పంది మెదడులో కనిపెట్టడంతో పేరులోని ‘బీ’కి ‘బ్రెయిన్’ అన్న మాట ఉండిపోయింది. ఆ మాట చదివి మెదడుకేమైందని కంగారుపడేవాళ్లూ ఉంటారు. ఆయాసంతో వచ్చిన మీ నాన్నగారి వయసువారిలో ఎన్‌టీ ప్రొబీఎన్‌పీ 900 దాటితే గుండె వైఫల్యాన్ని అనుమానిస్తాం. 9,000 ఎక్కువే. కానీ దీన్ని బయటికి పంపడంలో కిడ్నీలకూ వాటా ఉంది. క్రియాటినిన్ 2.1కి చేరి కిడ్నీలు మందగించిన మనిషిలో ఆ అంకెలో కొంత కిడ్నీల లెక్కలోకి పోతుంది. లావుగా ఉన్నవారిలోనైతే, ఇందుకు భిన్నంగా, ఉండాల్సిన దానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకే ఒకనాటి అంకె కంటే, చేరిన రోజుతో పోలిస్తే ఇంటికి వెళ్లేనాటికి 30 శాతమైనా తగ్గిందా అన్నదే మాకు ముఖ్యం.

నిజానికి పొద్దున్నే ఐసీయూలోకి వెళ్లగానే నా చూపు ఈ రెంటి మీదా పడదు. మూత్రం సంచి మీద పడుతుంది. పైసా ఖర్చులేని పరీక్ష అది! గంటకు 30 మిల్లీలీటర్లకన్నా తక్కువ వస్తుంటే కిడ్నీలకు రక్తం చాలడం లేదేమోనని చూడాలి. తర్వాత లాక్టేట్. అది 2 దాటి అక్కడే ఉంటే ఒంట్లో అవయవాలకు రక్తం అందడం లేదన్నమాట. గంటగంటకూ దిగుతుంటే నాకు ధైర్యం వస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. గుండె దెబ్బతిని బీపీ పడిపోయే షాక్‌లో, స్టెంట్ వేసినా, ఇప్పటికీ నూటికి 40 నుంచి 50 మందిని కోల్పోతున్నాం. దాచి లాభం లేదు. మీ నాన్నగారు ఏ సగంలో ఉన్నారో ఈ మూడు అంకెలు చెప్పలేవు. రేపు డాక్టరు గారిని ఇలా అడగండి: బీపీ మందు డోసు నిన్నటికంటే తగ్గిందా? లాక్టేట్ ఎంత? గంటకు మూత్రం ఎంత వస్తోంది? ఎకోలో పంపింగ్ ఎంత శాతం ఉంది? ట్రోపోనిన్ మాత్రం, మళ్లీ ఛాతీనొప్పి వస్తే తప్ప, రోజూ చేయించమని పట్టుబట్టకండి.